బడి లెక్కలు, గల్ఫు లెక్కలు

పదో తరగతిలో మా వెనక బెంచీవాడొకడు లెక్కల మాస్టారిని ధైర్యం చేసి అడిగేశాడు. "ఈ ఎక్స్ ఎంతో కనుక్కుంటే మనకేమొస్తుందండీ?" మాస్టారు చాక్‌పీస్ బల్ల మీద పెట్టి, "అయిదు మార్కులొస్తాయి, కూర్చో" అన్నారు. క్లాసంతా నవ్వాం. ఆ అడిగినవాడు ఇప్పుడు రొయ్యల చెరువులు చేస్తున్నాడు. కిలోకి ఎన్ని తూగితే ఎంత ధర, ఇంకో పదిహేను రోజులు మేత వేస్తే లాభమా నష్టమా అన్నది నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. నవ్విన నేను ఇంజనీరింగ్ చదివి, దుబాయ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఇంటిగ్రేషన్ అవసరమైన రోజు ఇన్నేళ్లలో ఒక్కటీ రాలేదు. శాతాలు కూడా ఎక్సెల్ షీటే కడుతుంది.

అందుకే ఎవరైనా "బడిలో నేర్చుకున్న లెక్కలు బతుకులో పనికొస్తాయా?" అని అడిగితే, చాలాకాలం "ఎక్కాలూ శాతాలూ చాలు, మిగతాదంతా దండగ" అనేవాణ్ణి. ఆ మాట మీద నాకు అనుమానం వచ్చింది 2023 వేసవిలో, షార్జాలో.

ఒక స్నేహితుడి గదికి భోజనానికి వెళ్లాను. అక్కడికి జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒకాయన కాగితం పట్టుకొని వచ్చాడు. వయసులో నాకన్నా పెద్ద. ఏడో తరగతితో చదువు ఆపేశాడు. ఒక కంపెనీలో తొమ్మిదేళ్లు పనిచేసి ఇంటికి వెళ్లిపోతున్నాడు. "తమ్మీ, నువ్వు ఇంజనీరువంట గదా. నాకు ఎంతొస్తదో జర లెక్క జెప్పు" అన్నాడు.

ఇక్కడ ఉద్యోగం వదిలి వెళ్లేటప్పుడు గ్రాట్యుటీ ఇస్తారు. చట్టంలో లెక్క చాలా సాదా. మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల జీతం, ఆ తర్వాత ప్రతి ఏడాదికీ 30 రోజుల జీతం. 1980 నాటి పాత కార్మిక చట్టంలో ఉన్నదీ, 2022 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో ఉన్నదీ ఇదే కొలత. ఆయన జీతం నెలకు 1000 దిర్హాములు. నేను ఫోన్ కూడా తీయలేదు. అయిదు ఇరవై ఒకట్లు 105. నాలుగు ముప్పైలు 120. మొత్తం 225 రోజులు, అంటే ఏడున్నర నెలలు. "ఏడువేల అయిదువందలు వస్తుందన్నా" అన్నాను. గుణకారంలో తప్పు లేదు. ఆయన ముఖం విచ్చుకుంది. నా ముందే ఇంటికి ఫోన్ చేసి, "ఏడున్నర వేలంటనే" అని చెప్పాడు.

అప్పుడు చూశాను ఆయన చేతిలోని కాగితం. కంపెనీవాళ్లు వేసింది 3780.

దాని సంగతి తర్వాత చెబుతాను. ఆ రాత్రి ఇంటికి వచ్చి, అసలు ఈ "లెక్కలు ఎందుకు" అన్న ప్రశ్న ఎప్పటిదో చూద్దామని వెతకడం మొదలుపెట్టాను. నాకు అదో జబ్బు. తప్పు చేస్తే చరిత్ర చదువుకుంటాను.

మా వెనక బెంచీవాడి ప్రశ్నకు పన్నెండు వందల ఏళ్ల కిందటే సమాధానం రాసిన మనిషి దొరికాడు. పేరు ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్ ఖ్వారిజ్మీ. ఊరు బాగ్దాదు, కాలం సుమారు 820. ఖలీఫా అల్ మామూన్ ఏలుతున్న రోజులు. ఆయన పుస్తకం పేరులో ఉన్న 'అల్ జబ్ర్' అనే మాటే మన 'ఆల్జీబ్రా' అయింది. జబ్ర్ అంటే విరిగినదాన్ని అతికించడం. ఎముకలు కట్టే పనికి కూడా అదే మాట. ఆయన పేరు లాటిన్‌లోకి వెళ్లి 'అల్గారిదమ్' అయింది, నేను దాని మీదే బతుకుతున్నాను. అయితే నన్ను ఆపేసింది ఈ మాటల పుట్టుక కాదు, పుస్తకం మొదట్లో ఆయన చెప్పుకున్న కారణం. జనానికి వారసత్వాల్లో, వీలునామాల్లో, పంపకాల్లో, వ్యాజ్యాల్లో, వ్యాపారంలో, భూమి కొలతల్లో, కాలువల తవ్వకంలో నిత్యం పడే అవసరాల కోసం ఈ పుస్తకం రాస్తున్నానంటాడు. అంటే మనం "ఎందుకూ పనికిరాదు" అని తిట్టుకునే ఆల్జీబ్రా, పుట్టినప్పుడు ఇంటి పంచాయితీల కోసం పుట్టింది! పుస్తకంలో దాదాపు సగం వారసత్వాల లెక్కలే. ఎక్స్, వై అనే గుర్తులు ఒక్కటి కూడా లేవు. అంతా మాటల్లోనే.

ఆ పంపకాలు ఎలా ఉంటాయో చూడండి. ఒకాయన పోయాడు. భార్య, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు. పిల్లలున్నప్పుడు భార్యకు ఎనిమిదో వంతు. మిగిలిన దాంట్లో కొడుకుకు రెండు పాళ్లు, ఒక్కో కూతురికి ఒక్కో పాలు. ఇప్పుడు ఆస్తిని ఎన్ని వాటాలు చేస్తే చిల్లర లేకుండా పంచవచ్చు? 8కి, 4కి మధ్య నడిచే ఈ తతంగంలో 32 వాటాలు తేలతాయి. భార్యకు 4, కొడుకుకు 14, కూతుళ్లకు ఏడేసి. మా ఏడో తరగతి భిన్నాలూ, క.సా.గు.నూ ఇదే పని చేస్తాయి. ఇక్కడ ఇప్పటికీ ముస్లిం కుటుంబాల ఆస్తి పంపకాలు ఈ పద్ధతిలోనే జరుగుతాయి. క.సా.గు. మనకు మార్కులు. ఇక్కడ అది కోర్టు కాగితం.

ఖ్వారిజ్మీ తర్వాత ముప్పై ఏళ్లకు మన వైపు ఇంకో పెద్దాయన ఇంచుమించు ఇదే మాట అన్నాడు. మహావీరాచార్యుడు, జైనుడు, 'గణితసారసంగ్రహం' కర్త. రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలం, సుమారు 850. ఆ రాజుల రాజధాని మాన్యఖేటం, అంటే ఇప్పటి కలబురగి జిల్లాలోని మళఖేడ్. తెలంగాణ సరిహద్దుకు దగ్గరే. పుస్తకం మొదట్లోనే గణితాన్ని పొగుడుతూ, అది దేనికి అక్కరకొస్తుందో ఏకరువు పెడతాడు. అర్థశాస్త్రం, సంగీతం, నాటకం, వంట, వైద్యం, వాస్తు, ఛందస్సు. కామశాస్త్రాన్ని కూడా వదల్లేదు. జైన ఆచార్యుడు, ఆయన ఇష్టం.

ఈ పుస్తకాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు పావులూరి మల్లన. నన్నయ కాలంవాడని కొందరూ, కాస్త తర్వాతవాడని కొందరూ అంటారు. ఆ తగాదా పండితులకు వదిలేద్దాం. తెలుగులో మనకు దక్కిన తొలి శాస్త్రగ్రంథాల్లో 'సారసంగ్రహ గణితం' ఒకటి. నాకు నచ్చిన విషయం ఒకటుంది. మల్లన ఉన్నది ఉన్నట్టు దించేయలేదు. ఆయన శైవుడు. మూలంలోని జైన ఉదాహరణలు తీసేసి, తనవాళ్లకు అర్థమయ్యేవి పెట్టుకున్నాడు. లెక్క అదే, ఊరు మారింది. పదకొండో పన్నెండో శతాబ్దంలో ఒక తెలుగాయనకు తట్టిన ఈ సంగతి, బుర్జ్ ఖలీఫా ఎత్తును ఉదాహరణగా ఇచ్చి త్రికోణమితి చెప్పే మా ఆవిడ స్కూలువాళ్లకు కూడా తట్టింది. మా చిన్నప్పుడు మాత్రం ఎవరికీ తట్టలేదు. ఇంకా ఆ ట్యాంకు నింపే గొట్టమూ, ఖాళీ చేసే గొట్టమే.

మహావీరుడి లెక్కలన్నీ బతుకులోవేనా అంటే, అదీ కాదు. ఒక లెక్కలో ప్రేమికుల కలహంలో ఆమె ముత్యాల హారం తెగుతుంది. మూడో వంతు ముత్యాలు పరిచారిక దగ్గర పడతాయి, ఆరో వంతు పక్క మీద. మిగిలిన వాటిలో సగం, ఆ మిగిలిన వాటిలో సగం, ఇలా ఆరుసార్లు చెల్లాచెదురవుతాయి. చివరికి 1161 మిగులుతాయి. మొత్తం ఎన్ని? మూడో వంతూ ఆరో వంతూ కలిపితే సగం పోయింది, మిగిలిన సగాన్ని ఆరుసార్లు సగం చేస్తే 128వ వంతు. 1161ని 128తో గుణించాలి. 1,48,608 ముత్యాలు. ఒక హారానికి! ఆమె మెడ ఏమైపోవాలి? ఖ్వారిజ్మీ పుస్తకంలోనూ మనుషులెవరూ రాయని వీలునామాలు కొన్ని కనిపిస్తాయి. అరవై పుచ్చకాయలు కొన్న రాము మన పాఠ్యపుస్తకాల్లో పుట్టలేదన్నమాట, వెయ్యేళ్ల వంశం వాడిది.

ముత్యాల మాట వచ్చింది కాబట్టి ఇక్కడే ఆగాలి, ఎందుకంటే ఈ దేశం నూనెకు ముందు ముత్యాల మీద బతికింది. ఇక్కడి వర్తకులు ముత్యాలను బొంబాయి తీసుకెళ్లి అమ్మేవారు. మన చార్మినార్ పక్కన పత్తర్‌గట్టి దుకాణాల్లో 'బసరా ముత్యాలు' అని మురిసిపోయేవి ఈ సముద్రపువే. బసరా మీదుగా వచ్చాయని ఆ పేరు. మ్యూజియంలో ఇత్తడి జల్లెళ్లు చూపిస్తారు, ఒకదానికన్నా ఒకటి పెద్ద చిల్లులతో. ముందు వాటితో జల్లించి, తర్వాత తూచేవారు. తూచిన తర్వాత వచ్చేదే అసలు లెక్క.

ముత్యానికి ధర బరువును బట్టి సూటిగా పెరగదు. రెండింతలు బరువున్న ముత్యం రెండింతల ధర కాదు, చాలా ఎక్కువ. దీనికోసం బొంబాయిలోనూ గల్ఫులోనూ 'చవ్' అనే కొలత వాడేవారు. మొత్తం బరువును వర్గం చేసి, ముత్యాల సంఖ్యతో భాగించి, ఒక స్థిరాంకంతో గుణించాలి. బొంబాయి లెక్కలో బరువు టంకాల్లో ఉంటే ఆ స్థిరాంకం 330. టంకానికి 24 రత్తీలు కాబట్టి, రత్తీల్లో తూస్తే అది 55 బై 96 అవుతుంది. 330 బై 576 అన్నమాట, కొట్టేసి చూడండి. స్థిరాంకం పక్కన పెట్టి చూస్తే సంగతి ఇంకా తేలిక. రెండు తూకాల ముత్యం ఒక్కటుంటే, రెండు రెళ్లు నాలుగు, ఒకటితో భాగిస్తే నాలుగు. ఒక్కో తూకం ముత్యాలు రెండుంటే, మొత్తం బరువు అదే రెండు, వర్గం నాలుగు, రెండుతో భాగిస్తే రెండే. బరువు సమానం, విలువ సగం. తొమ్మిదో తరగతిలో "వర్గానుపాతం" అని బట్టీ పట్టిన ముక్క, ఎర్రగుడ్డలో ముత్యాల మూట విప్పుకొని కూర్చున్న వర్తకుడికి రోజువారీ సంగతి. వాళ్ల దగ్గర అచ్చేసిన పట్టికలు కూడా ఉండేవి. అంటే వాళ్ల ఎక్సెల్ షీట్.

మరి ముత్యం తీసినవాడి సంగతి? ముక్కుకు క్లిప్పు పెట్టుకొని, కాలికి రాయి కట్టుకొని దిగినవాడికి చవ్ తెలియదు. నౌక యజమాని, నాఖుదా, సీజను ముందు అతనికి బయానా ఇచ్చేవాడు. సీజను చివర అమ్మకంలో వాటా వేసి, బయానా కోసి, మిగిలితే ఇచ్చేవాడు. చాలాసార్లు మిగిలేది అప్పే. అప్పు వచ్చే ఏడాదికి వెళ్లేది. తీర్చకుండా చనిపోతే కుటుంబం మీదికి వెళ్లేది. పుస్తకం నాఖుదా దగ్గరే ఉండేది. 1920ల్లో బహ్రెయిన్‌లో తెచ్చిన సంస్కరణల్లో ముఖ్యమైనది ఏమిటంటే, ప్రతి గజఈతగాడికీ అతని లెక్క రాసిన పుస్తకం ఇవ్వాలి. అంతే. ధర పెంచమని కాదు, లెక్క చూపించమని. ఆ సంస్కరణలకు నౌకల వాళ్లు గట్టిగా అడ్డుపడ్డారు. లెక్క కనపడటం ఎంత ప్రమాదమో వాళ్లకు బాగా తెలుసు.

ముత్యాల తర్వాత రూపాయి గురించి కొంచెం చెప్పాలి. మా నాన్నకు చెబితే నమ్మలేదు గానీ, దుబాయ్‌లో ఒకప్పుడు నడిచింది మన రూపాయే. 1959 దాకా మామూలు భారతీయ రూపాయలు. బంగారం దొంగరవాణాకు మన డబ్బు అడ్డదారిన బయటికి పోతోందని, ఆ ఏడాది రిజర్వు బ్యాంకు గల్ఫు కోసం వేరే నోట్లు అచ్చేసింది. రంగు వేరు, నంబరు ముందు జెడ్ అక్షరం. విలువ మాత్రం మన రూపాయితో సమానం. 1966 జూన్ 6న మనవాళ్లు రూపాయి విలువ తగ్గించారు. డాలరు 4 రూపాయల 76 పైసల నుంచి ఏడున్నర రూపాయలకు వెళ్లింది. అప్పటి రాతల్లో కొన్ని చోట్ల 36.5 శాతం తగ్గిందని ఉంటుంది, కొన్ని చోట్ల 57.5 శాతం అని ఉంటుంది. రెండూ నిజమే. రూపాయి వైపు నుంచి చూస్తే 36.5, డాలరు వైపు నుంచి చూస్తే 57.5. "దేని మీద శాతం?" అని మాస్టారు గొంతు చించుకున్నది ఇందుకే. దుబాయ్‌లో గల్లాపెట్టెలో రూపాయలు పెట్టుకున్న వర్తకుడికి ఢిల్లీలో తీసుకున్న నిర్ణయంతో ఒక్క రోజులో మూడో వంతుకు పైగా పోయింది. గల్ఫు రాజ్యాలు ఆ రూపాయిని వదిలేశాయి. దుబాయ్ ఖతార్‌తో కలిసి రియాల్ తెచ్చుకుంది. దేశం ఏర్పడ్డాక 1973 మే 19న దిర్హామ్ వచ్చింది. 1997 నుంచి డాలరుకు 3.6725 దగ్గర కట్టేసి ఉంది. అందుకే ఇక్కడ రేటు మారిందంటే మారింది మన రూపాయే.

ఒక చిన్న పక్కదారి. తెలుగు టైపింగ్ నాకు నేనే నేర్చుకుంటున్న రోజుల్లో, యూనికోడ్ పట్టికలో తెలుగు అక్షరాల చివర కొన్ని వింత గీతలు కనపడ్డాయి. కొన్ని నిలువు, కొన్ని అడ్డం. ఫాంటు చెడిందనుకున్నాను. అవి తెలుగు భిన్నాల అంకెలట, 2008లో యూనికోడ్ 5.1లో చేర్చారు. మన పాత లెక్కల్లో భిన్నాలు నాలుగు పునాదిగా నడిచేవి. పావు, పావులో పావు వీసం, అందులో పావు, ఇలా. ఒక మెట్టుకు నిలువు గీతలు, తర్వాతి మెట్టుకు అడ్డ గీతలు. పాత రూపాయికి ఇది అచ్చంగా సరిపోతుంది. పావలా నాలుగో వంతు, అణా పదహారో వంతు, కానీ అరవై నాలుగో వంతు. 1957లో దశాంశాలు వచ్చి అదంతా పోయింది. కాని వడ్డీ మాత్రం పోలేదు. ఇప్పటికీ మన ఊళ్లలో ఎవరూ 24 శాతం అనరు, "నూటికి రెండు రూపాయలు" అంటారు. నెలకు అన్న మాట చెప్పక్కర్లేదు, అందరికీ తెలుసు. బ్యాంకులో 11 శాతానికి గుండె బాదుకునేవాళ్లు నూటికి రెండు రూపాయలంటే "పర్లేదు" అనడం నేను నా చెవులతో విన్నాను.

ఇప్పుడు షార్జా గదికి వెళ్దాం.

మర్నాడు పొద్దున్నే చట్టం సరిగ్గా చదివాను. గ్రాట్యుటీకి లెక్కలోకి వచ్చేది చేతికొచ్చే మొత్తం జీతం కాదు, మూల వేతనం. ఆయన 1000 దిర్హాముల్లో మూల వేతనం 600. మిగతా 400 గది, తిండి పేరుతో ఇచ్చే అలవెన్సులు. ఒప్పంద పత్రంలో ఉంది, ఆ కాగితం ఆయన జేబులోనే ఉంది, నేనే అడగలేదు. ఏడున్నర నెలలు ఇంటూ 600, 4500. నేను చెప్పిన 7500 తప్పు. కాని కంపెనీ వేసిన 3780 కూడా తప్పే. వాళ్లు తొమ్మిదేళ్లకూ 21 రోజుల చొప్పునే వేశారు. తొమ్మిది ఇరవై ఒకట్లు 189 రోజులు, అంటే 6.3 నెలలు. మధ్యలో 720 దిర్హాములు ఎగిరిపోయాయి.

ఫోన్ చేసి చెప్పడానికి అరగంట తటపటాయించాను. చెప్పాను. అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత, "గట్లనా. ఇంట్ల జెప్పేసిన గద తమ్మీ" అన్నాడు. తిట్టి ఉంటే బావుండేది.

నేను సాయంత్రం వెళ్లి ఒక తెల్లకాగితం మీద అంతా రాసి ఇచ్చాను. అయిదేళ్లది వేరుగా, నాలుగేళ్లది వేరుగా. ఆయన దాన్ని చూసి, పెన్ను తీసుకొని, నేను వేయని లెక్క ఒకటి నోటితోనే వేశాడు. బిడ్డ పెళ్లికి తెచ్చిన అప్పు లక్షా ఇరవై వేలు, నూటికి రెండు రూపాయలు. నెలకు రెండువేల నాలుగు వందలు. 720 దిర్హాములంటే పదహారు వేల పైన. "ఏడు నెలల మిత్తికి జర తక్కువ" అన్నాడు. నేను తర్వాత ఫోన్‌లో చూసుకుంటే 6.74 వచ్చింది. ఏడో తరగతి.

బడిలో లెక్క ఇచ్చేటప్పుడు కావలసినవన్నీ ముందే ఇస్తారు. "జీతం ఇంత, రోజులు ఇన్ని, కనుక్కోండి." ఏ జీతం అని అడిగే అవసరం పదేళ్లలో ఒక్కసారి కూడా రానివ్వలేదు. నేను 225 రోజులు నోటితో కట్టి మురిసిపోయింది ఆ అలవాటుతోనే. ఆయనకు గుణకారం నాకన్నా బాగా వచ్చు. కాని తన కాగితం మీద అంకె ఎలా వచ్చిందని ఆఫీసులో అడగవచ్చని ఆయనకు ఎవరూ చెప్పలేదు. బహ్రెయిన్ గజఈతగాళ్ల పుస్తకం గుర్తొచ్చింది. ఆల్జీబ్రా తెలియక కాదు వాళ్లు మునిగింది.

ఆ కాగితం పట్టుకొని ఆయన ఒక్కడే ఆఫీసుకు వెళ్లాడు. నేను వస్తానంటే వద్దన్నాడు. అక్కడి క్లర్కు ముందు "సిస్టమ్‌లో అంతే వస్తుంది" అన్నాడట. ఈయన హిందీలో, "అయిదేళ్లది ఇక్కడ, నాలుగేళ్లది ఇక్కడ, నువ్వే కలుపు" అని కాగితం ముందు పెట్టాడట. నాలుగు రోజుల తర్వాత 4500 వేశారు. ఆ సిస్టమ్ ఏదో నాలాంటివాడే రాసి ఉంటాడు, తొమ్మిదిని అయిదూ నాలుగూ చేయడం మర్చిపోయి ఉంటాడు.

డబ్బు పంపడానికి వెళ్లేటప్పుడు నన్నూ రమ్మన్నాడు. ఎక్స్చేంజీలో ఆ వేళ రేటు 22.48. పక్క వీధిలో ఇంకో దాంట్లో 22.52 ఉందని ఎవరో అన్నారు. నేను ఫోన్ తీసి కాలిక్యులేటర్ తెరిచేలోపల ఆయన, "నూట ఎనభై రూపాయలు" అన్నాడు. "నడు తమ్మీ, గా ఎండల నడుస్తే చాయ్ పైసలన్న మిగులుతయి."

నడిచాం. దారిలో ఇంటికి ఫోన్ చేసి నాలుగున్నర వేలని చెప్పాడు. ఏడున్నర ఎందుకు కాలేదని అటునుంచి అడిగినట్టున్నారు. "నేనే తప్పు లెక్క జేసిన" అన్నాడు, నా వైపు చూడకుండా.